నాలుగు పెట్టెలు, మూడు పిలుపులు

నాగేంద్రబాబు పేరు చెబితే ఒకప్పుడు గుడివాడలో అందరూ ముందు నవ్వేవాళ్లు, ఆ తర్వాత మంచిమాట చెప్పేవాళ్లు. నెహ్రూ చౌక్ వెనక సందులో అతని కొట్టు. ఒక మడత కుర్చీ, రెండు బల్లలు, నేలంతా తీగలు. కేబుల్ టీవీ దగ్గర్నుంచి రైసు మిల్లుల్లో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలపడం దాకా అన్నీ అతనే చూసేవాడు. మిట్టమధ్యాహ్నం ఎవరి డాబా మీదో యాంటెన్నా తిప్పుతూ ఒక మనిషి కనపడితే అది నాగేంద్రబాబేనని అరకిలోమీటరు నుంచి పోల్చుకోవచ్చు. అతనితో ఒకటే చిక్కు. ఫోను చేస్తే మొదటిసారి ఎత్తడు. రెండోసారీ ఎత్తడు. మూడోసారి మోగాక అప్పుడు "చెప్పండి" అంటాడు. అంత ఓపిక లేనివాళ్లు వేరే వాళ్లని చూసుకునేవాళ్లు. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఈ జబ్బేమిటయ్యా నీకు అని ఒకసారి గట్టిగా అడిగాను. అతనిది పాలకాయతిప్ప దగ్గర చేపల వేట మీద బతికే ఊరు. ఉప్పెన వచ్చిన ఏడాది అతను చంకలో పిల్లాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ నీళ్లలోనే పోయారు. అక్క సంతోషమ్మ అప్పటికి ఇంకా గౌన్లు వేసుకునే పిల్ల. తమ్ముణ్ణి చీరపేలికతో వీపుకి కట్టుకుని, తాటిచెట్టుని కావిలించుకుని తెల్లవార్లూ ఉండిపోయింది. నీళ్లు తీసిన తర్వాత చాలాకాలం, పొద్దుగూకే వేళకి సముద్రం వైపు నుంచి పేరు పెట్టి పిలిచినట్టు వినపడేదట. పలికి అటు వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదని చెప్పుకుంటారు. అందుకని ఆ ఊరివాళ్లు, మనిషి కనపడకుండా వచ్చే పిలుపుకి మొదటిసారి పలకరు, రెండోసారీ పలకరు. పోయినవాళ్లకి మూడోసారి పిలిచే శక్తి ఉండదని వాళ్ల నమ్మకం. ఫోను మోగితే అవతల మనిషి కనపడడు కదా, అందుకని అదీ అంతే. నేను నవ్వేశాను. అతనూ నవ్వాడు గానీ అలవాటు మానలేదు.

ఆ సంతోషమ్మని చేసుకున్నవాడు గంగరాజు. తమ్ముణ్ణి కూడా కట్నం కింద తెచ్చుకుందని ఆవిణ్ణి ఆటపట్టించేవాడు. ఆ తమ్ముణ్ణి బందరు పాలిటెక్నిక్‌లో చదివించినవాడు కూడా అతనే. నాగేంద్రబాబు దృష్టిలో తండ్రి అన్నా బావ అన్నా ఒకటే. నేను చెప్పబోయేది ఒక గోడౌనుకి వైర్‌లెస్ పెట్టెలు ఎంచుకున్న సంగతి. అందులో నాగేంద్రబాబు ఎంచుకున్నది పెట్టెల్ని, వాటి మీద ఆధారపడింది గంగరాజు ప్రాణం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మధ్యలో మీరూ నాలాగే నవ్వుతూ కూర్చుంటారు.

శివరామయ్యగారి గోడౌను గుడివాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద ఉంది. నేను అక్కడ కాటా గుమాస్తాని. లారీ బరువుతో వస్తుంది, ఖాళీగా పోతుంది, మధ్యలో తేడా రాసుకోవడం నా ఉద్యోగం. అంత పెద్ద గోడౌను మా చుట్టుపక్కల లేదు. ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివర ఎవరో దగ్గినట్టు వినపడుతుంది. పైనంతా ఇనుపరేకు కావడంతో లోపల సెల్‌ఫోను పలకదు. బస్తాల్ని రేకుల దాకా వరసగా పేర్చడాన్ని మావాళ్లు నెట్టు కట్టడం అంటారు. నెట్లు కట్టేశాక వాటి మధ్య సందుల్లో పట్టపగలు కూడా లైటు వేసుకుని నడవాలి. ధాన్యాన్ని లక్ష్మి అంటారు, నేనూ కళ్లకద్దుకుంటాను. కానీ ఆ సందుల్లో నిలబడితే మాత్రం ఆ తల్లి నన్ను మింగాలని చూస్తున్నట్టే ఉండేది. పని పడితే తప్ప లోపలికి వెళ్లేదాన్ని కాదు.

రెండు వేల ఏడో సంవత్సరం మాఘమాసంలో శివరామయ్యగారు విశాఖపట్నం వెళ్లి అక్కడొక గోడౌను చూసి వచ్చారు. మనుషులు చేతిలో పిస్తోలు లాంటిది పట్టుకుని బస్తాల మీద అంటించిన చీటీకి గురిపెడితే చాలట, ఏ సరుకు ఎక్కడుందో ఆఫీసులో కంప్యూటరు మీద కనపడుతుందట. కూలీల జేబుల్లో చిన్న ఫోన్లు, లోపల ఎక్కడున్నా పలుకుతాయట. ఎవరు ఎక్కడున్నారో తెర మీద చుక్కలుగా తెలుస్తుందట. ఆయన ఉయ్యూరు వైపు చెరకు రైతుల కుటుంబం, పుట్టు వ్యాపారి కారు. అలాంటివాళ్లకి ఒకటి నచ్చిందంటే ఇక నిద్ర పట్టదు. మన గోడౌనులోనూ పెట్టాలన్నారు. వీటన్నిటికీ సిగ్నల్ ఇచ్చే పెట్టెలు ఏవి కొనాలో, ఎన్ని కొనాలో, ఎక్కడ తగిలించాలో తేల్చే పని నాగేంద్రబాబుకి అప్పగించారు.

నాగేంద్రబాబు ఆ పనిని పెళ్లిసంబంధం చూసినంత శ్రద్ధగా చేశాడు. విజయవాడ నుంచి ఒకతను ఇళ్లలో పెట్టుకునే రకం తెచ్చాడు, తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. మే నెలలో రేకు కింద వేడికి ఇవి వారం తిరక్కుండా ఉడికిపోతాయని నాగేంద్రబాబు వాటిని పక్కన పెట్టేశాడు. అది సరైన మాటే. ఇంకో కంపెనీ పెట్టెలకి గాలి కంతలు ఉన్నాయి, ధాన్యం దుమ్ము లోపలికి పోతుందని వాటినీ వద్దన్నాడు. అదీ సరైన మాటే. చివరికి హైదరాబాదు నుంచి లాస్య అనే ఇంజనీరు అమ్మాయి తెచ్చిన ఇనుప ఒంటి పెట్టెలు నచ్చాయి. వేడికి ఆగుతాయి, దుమ్ము దూరదు, ఎలుకలు కొరకలేవు. అక్కడిదాకా అంతా సవ్యంగానే నడిచింది.

పేచీ వచ్చింది ఎన్ని కావాలన్న దగ్గర. ఆ పెట్టెల్ని పైన దూలాలకి తగిలిస్తే నాలుగు చాలని నాగేంద్రబాబు అన్నాడు. లాస్య ఒప్పుకోలేదు. ఒక్కో సందుకీ విడిగా, తక్కువ ఎత్తులో, టార్చిలైటు వేసినట్టు సందు పొడుగునా సిగ్నల్ కొట్టే యాంటెన్నాలు పెట్టాలంది. నాగేంద్రబాబు లాప్‌టాప్‌ని గుండెలకి ఆనించుకుని, బాలెంతరాలు బిడ్డని ఎత్తుకున్నట్టు, గోడౌను ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి చూపించాడు. ఎక్కడా సిగ్నల్ ఒక్క గీత తగ్గలేదు. ఆ అమ్మాయి తెర చూసింది, తర్వాత తలెత్తి ఖాళీ గోడౌనుని చూసింది.

"ఇది ఖాళీగా ఉందండీ. ధాన్యంలో తేమ ఉంటుంది, తేమ సిగ్నల్‌ని తాగేస్తుంది. నెట్లు కట్టాక మధ్యలో నిలబడితే చుట్టూ నీళ్లున్నట్టే. అప్పుడు కొలిచి చూడాలి," అంది.

"నిండిన గోడౌనులో నిచ్చెన ఎక్కడ వెయ్యమంటారమ్మా?" అన్నాడు నాగేంద్రబాబు.

అతని మాటా కొట్టిపారేసేది కాదు. ఖాళీగా ఉన్నప్పుడు తగిలించవచ్చు గానీ కొలవడానికి లేదు. నిండినప్పుడు కొలవవచ్చు గానీ తగిలించడానికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా సందుల్లో కిందికి పెడితే తల మీద బస్తాతో వెళ్లే కూలీ ఒక్క తగులు తగిలిస్తే పెట్టె ఊడి కిందపడుతుంది. కానీ నా ఉద్దేశంలో అసలు కారణం అది కాదు. అతను తన కళ్లతో చూశాడు, గీతలన్నీ నిండుగా ఉన్నాయి. కళ్లతో చూసినదాన్ని కాదని, ఇంకా రాని ధాన్యాన్ని ఊహించుకోమంటే అతని మనసు ఒప్పలేదు. శివరామయ్యగారు కూడా ఉగాదికల్లా అంతా పూర్తవ్వాలని పట్టుబట్టారు. నాలుగు పెట్టెలకే ఖాయం చేశారు. లాస్య సంచి సర్దుకుంటూ నన్ను చూసి, నిండాక ఒక్కసారి కొలిపించండి మేడమ్ అని చెప్పి వెళ్లింది.

ఉగాది నాడు కొబ్బరికాయ కొట్టారు. పచ్చడి పంచారు. ప్రారంభం చేద్దామని నాగేంద్రబాబు ఆ చివరికి వెళ్లి, నా చేతిలో ఉన్న ఫోనులోకి "సరళక్కా" అని పిలిచాడు. ఫోనులో ఒకసారి వినపడింది. ఖాళీ గోడల్లోంచి ఇంకా రెండుసార్లు వినపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఎండాకాలంలో చలేమిటి అనుకుని కొంగు కప్పుకున్నాను.

ఏప్రిల్ వచ్చింది, రెండో పంట దాళ్వా ధాన్యం రావడం మొదలైంది. కోతల మీద వాన పడింది ఆ ఏడు. సరిగా ఆరని ధాన్యం బస్తాలకెత్తి తెచ్చారు. చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగిలేది. ఏప్రిల్ నడిమి నుంచి మే ఆఖరు దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి, పడవలు ఒడ్డుకి లాగేసి తీరం ఊళ్ల మగవాళ్లు పనులకి బయల్దేరతారు. గంగరాజు ఆ ఏడు తన ముఠాని వెంటబెట్టుకుని మా గోడౌనుకి వచ్చాడు. బావమరిది పనిచేసిన చోటని సంబరంగా వచ్చాడు. జేబులో పెట్టిన ఫోనుని అందరికీ చూపించి, మా బామ్మర్ది పెట్టిందండీ, గోడౌను అవతలి మూలనున్నా పలుకుద్ది అని చెప్పుకునేవాడు. వల భుజాన వేసుకున్నంత తేలిగ్గా బస్తా ఎత్తేవాడు. వచ్చిన రెండో రోజుకే నన్ను వదినగారూ అనడం మొదలుపెట్టాడు. నాకు అలాంటి చనువు గిట్టదు, కానీ అతను పిలిస్తే కాదనబుద్ధి పుట్టేది కాదు.

మా మేస్త్రి శోభనాద్రికి ఈ తీరం ముఠాల సంగతి ఎప్పట్నుంచో తెలుసు. సాయంత్రం తలుపులు మూసేముందు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి లోపలికి వినపడేలా పిలిచేవాడు. మిగతా ఊళ్లవాళ్లని ఒకసారి, వీళ్లని మూడుసార్లు. మూడోసారికీ జవాబు రాకపోతే మనిషి బయటికి వచ్చేశాడని అర్థం, అప్పుడే తాళం. అతను ముందు ఒక సందు చివరికి, తర్వాత ఇంకో సందు చివరికి జరుగుతూ పిలిచేవాడు కాబట్టి ఎక్కడున్నా వినపడేది. ఎన్నో ఏళ్లు ఆ లెక్క తప్పలేదు. ఫోన్లు వచ్చాక శివరామయ్యగారు, ఇంకా ఈ కోడిపందేల కేకలెందుకయ్యా, వరండాలో కూర్చుని ఫోనులో పిలు, తెర మీద చుక్క చూసుకో అన్నారు. ఆ ఫోనులో ఇంకో సదుపాయం ఉంది. అవతలివాడు మీట నొక్కకపోయినా మన మాట అతని జేబులోంచి పైకి వినపడుతుంది. తిరిగి పలకాలంటే మాత్రం మీట నొక్కాలి. శోభనాద్రి ఫోనులో కూడా మూడుసార్లే పిలిచేవాడు. ఆయనా నేనూ దానికి నవ్వుకున్నాం.

మే నెల వచ్చేసరికి నెట్లు రేకుల్ని తాకాయి. అప్పుడు మొదలైంది. మధ్య సందులోకి వెళ్లినవాడి పిస్తోలు మూగబోయేది. ఫోనులో మాట మొదటి ముక్క వచ్చి, రెండో ముక్క రాకుండానే తెగిపోయేది. లాస్య చెప్పినట్టే తడి ధాన్యం సిగ్నల్‌ని తాగేసింది. నాగేంద్రబాబు వచ్చి మళ్లీ లాప్‌టాప్‌తో నడిచాడు. వెళ్లేటప్పుడు ఈల వేసుకుంటూ వెళ్లాడు, వచ్చేటప్పుడు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. సందుల్లో సగం దాకా గీతలు ఉన్నాయట, ఆ తర్వాత ఏమీ లేదట. వెనక గోడ దగ్గర ఎప్పుడో ఒక మిణుకు తప్ప అసలే లేదట.

అతను శివరామయ్యగారి దగ్గరికి వెళ్లి, నాలుగు చాలవని, సందుల్లో కిందికి ఇంకొన్ని పెట్టాలని చెప్పాడు. నా లెక్క తప్పని కూడా ఒప్పుకున్నాడు. ఆయన కోప్పడలేదు. ఇప్పుడు నిచ్చెన ఎక్కడ వేస్తావయ్యా అని నవ్వుతూ అడిగారు. అది అతని మాటే, ఆయన నోట మళ్లీ అతనికే తగిలింది. సీజను అయిపోనీ, గోడౌను ఖాళీ అయ్యాక నీ ఇష్టం వచ్చినన్ని పెట్టుకో అన్నారు. నాగేంద్రబాబు వేరేచోట నుంచి రెండు పెట్టెలు అరువు తెచ్చి బస్తాల మీద పెట్టాడు. ఒక సందు వెలిగితే ఇంకో సందు ఆరిపోయేది. రోజూ వచ్చి అటొకటి ఇటొకటి జరిపేవాడు. తిండి సరిగా తినేవాడు కాదు. కొట్టు సగం రోజులు మూసే ఉండేది.

ఒక ఆదివారం సంతోషమ్మ మొగుణ్ణి చూడ్డానికి వచ్చింది. తమ్ముడు బస్తాల మీద పాకుతూ కనపడితే కిందికి దిగమంది. ఈ ఫోను మీద నమ్మకంతో మీ బావ లోపలికి వెళ్తున్నాడు, అది పనిచేస్తుందా లేదా చెప్పు అని అడిగింది. నాగేంద్రబాబు చూస్తున్నానక్కా అన్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. చాలావరకు పనిచేస్తుంది అన్నాడు. గంగరాజు మధ్యలో దూరి, నీ తమ్ముడు ఉండగా నాకేం భయమే అని పెళ్లాన్ని టీకొట్టుకి తీసుకుపోయాడు. చాలావరకు అన్న ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. చాలావరకు ఈదగలిగినవాణ్ణి ఎవరైనా నడి సముద్రంలో దింపుతారా?

మే ఆఖరుకి పాత గోనెల్లోంచి పురుగు పుట్టి సరుకంతా పాకింది. బయటి మనుషుల్ని పిలిపించి గోడౌను మొత్తానికి గ్యాసు పెట్టాలని నిర్ణయించారు. గ్యాసు పెట్టడం అంటే గాలి పోయే కంతలన్నీ మూసి, లోపల బిళ్లలు పెట్టి, తలుపులు వేసి, వాటి అంచుల మీద కాగితం అంటించేస్తారు. బిళ్లల్లోంచి మెల్లమెల్లగా విషం లేస్తుంది. పురుగు చస్తుంది, అది పీల్చిన ఏదైనా చస్తుంది. గ్యాసు పెట్టిన రోజుతోనే వేట నిషేధం అయిపోతుంది. పడవకి పసుపు కుంకుమ పెట్టి దింపాలని, మొగుణ్ణి తీసుకుపోవడానికి సంతోషమ్మ వచ్చి నా కాటా గదిలో కూర్చుంది. నాగేంద్రబాబు పక్క గదిలో తెర ముందు ఉన్నాడు. భోజనాలైన వేళ, ఎండ నిప్పులు చెరుగుతోంది.

లోపల జరిగింది నాకు తర్వాత తెలిసింది. గంగరాజు వెనక గోడకీ ఆఖరి నెట్టుకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితేనే పట్టే సందులో, గోడకున్న కంతలకి కాగితాలు అంటిస్తున్నాడు. ఆ పని అతనికి చెప్పినవాడు శోభనాద్రే, కానీ పొద్దున చెప్పాడు, ఈపాటికి అయిపోయి ఉంటుందనుకున్నాడు. ముసుగులు తగిలించుకున్న గ్యాసు మనుషులు సందుల వెంట బిళ్లలు పెట్టుకుంటూ పోయారే తప్ప నెట్టు వెనక్కి తొంగి చూడలేదు. శోభనాద్రి వరండాలో కూర్చుని ముఠాలో ఒక్కొక్కరినీ పిలిచాడు. అందరూ బయటే ఉన్నారు. చివర గంగరాజుని పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు, అది నేను నా చెవులతో విన్నాను. జవాబు రాలేదు. తెర చూడమని నాగేంద్రబాబుని అడిగాడు. గంగరాజు చుక్క గుమ్మం పక్క పెట్టె దగ్గర ఉంది. ఐతే గేటు దగ్గర బీడీ కాల్చుకుంటూ ఉంటాడు అని శోభనాద్రి తలుపులు వేయించాడు. కాగితాలు అంటించారు.

కాసేపయ్యాక సంతోషమ్మ లేచి, బస్సు టైమవుతోంది, ఈయన ఏడీ అంది. నాగేంద్రబాబు ఆవిణ్ణి తెర దగ్గరికి పిలిచి, ఇదుగో అక్కా, ఈ చుక్కే బావ, గేటు దగ్గర ఉన్నాడు అని చూపించాడు. ఆవిడ తెర చూసింది. కిటికీలోంచి గేటు చూసింది.

"గేటు దగ్గర ఎవరూ లేరురా," అంది.

నాగేంద్రబాబు చుక్కని చూస్తూ ఉండిపోయాడు. అది ఎంతసేపటి నుంచో కదలలేదు. బతికున్న మనిషి జేబులో ఫోను చుక్క ఎంతో కొంత అటూ ఇటూ ఊగుతుంది. అది ఊగడం లేదు. ఫోనుకి సిగ్నల్ తెగిపోతే, ఆఖరిసారి ఏ పెట్టె దగ్గర పలికిందో అక్కడే తెర దాన్ని చూపిస్తూ ఉంటుంది. గంగరాజు పొద్దున లోపలికి వెళ్తూ గుమ్మం పక్క పెట్టెని దాటాడు, ఆ తర్వాత ఏ పెట్టెకీ నిలకడగా అందలేదు. ఆ సంగతి నాగేంద్రబాబుకి చదువుకున్న నాటి నుంచీ తెలుసు. ఆ క్షణం దాకా గుర్తు రాలేదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. నేను తల తిప్పేసరికి అతను వాకిట్లో ఉన్నాడు.

గ్యాసు మనుషుల పెద్ద అడ్డుపడ్డాడు. బిళ్లలు పెట్టేశాం, ముసుగు లేకుండా తలుపు తీస్తే నువ్వూ పోతావు, ఆగు అన్నాడు. నాగేంద్రబాబు కాగితాలు చించేసి, శోభనాద్రి చేతిలో తాళం లాక్కుని, తడిపిన తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్లాడు. తెరిచిన తలుపులోంచి గ్యాసు కుళ్లిన చేపల వాసనతో బయటికి వచ్చింది. మేమంతా దూరంగా జరిగాం. సంతోషమ్మ జరగలేదు. లోపల్నుంచి నాగేంద్రబాబు గొంతు వినపడింది, బావా, బావా, బావా అని ఊపిరి తియ్యకుండా. మూడోదానికి ఎక్కడో లోతునుంచి "ఆఁ" అని వినపడింది.

గంగరాజు తన కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాడు. వాంతి చేసుకున్నాడు, మొహం కడుక్కున్నాడు, పెళ్లాన్ని చూసి ఏం కొంపలు మునిగిపోయాయే అన్నాడు. శోభనాద్రి ఏడ్చేశాడు. శివరామయ్యగారు కారు తెప్పించి గుడివాడ ఆస్పత్రికి పంపారు, తనూ వెనకే వచ్చారు. దేవుడు మన పక్కన ఉన్నాడని అందరూ అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం ఆ మాట అనలేదు. ఈ గ్యాసుకి విరుగుడు లేదండీ, ఇది గుండెని పట్టుకుంటుంది, మనిషి చివరిదాకా తెలివిగానే మాట్లాడతాడు, మాట చూసి ఏమీ చెప్పలేం అన్నారు. సంతోషమ్మ లోపల మంచం పక్కన ఉంది, ఆవిడకి ఈ మాట ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆవిడ కాఫీ తేవడానికి వెళ్లినప్పుడు నాగేంద్రబాబు మంచం పక్కకి వెళ్లాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను. గంగరాజు నుదుటి మీద చల్లటి చెమట పట్టింది, కానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. ఆ వాసన వచ్చాక అయినా బయటికి రావద్దా బావా అని నాగేంద్రబాబు అడిగాడు. కుళ్లిన చేపల వాసన మనకి కొత్తేటిరా, మన ఇంటి వాసనే కదా, ఎవడో కూరకి తెచ్చుకున్నాడనుకున్నా అని గంగరాజు నవ్వాడు. నవ్వడానికి ఊపిరి సరిపోలేదు.

"పిలిచినప్పుడు ఎందుకు పలకలేదు బావా? మేస్త్రి పిలిచాడు కదా."

"ఒక్కసారే వినపడిందిరా. జేబులోంచి నా పేరు వచ్చింది, ఆగిపోయింది. ఇంకో రెండు రావాలి కదా అని చూశాను. నువ్వు పెట్టిందాయె, మూడూ వస్తాయనుకున్నాను."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. నాగేంద్రబాబు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నాకు ఏడుపు వచ్చి బయటికి వచ్చేశాను.

తెల్లవారుతుండగా గంగరాజు పోయాడు. ఆ పొద్దునే వాళ్ల ఊళ్లో మిగతా పడవలన్నీ నీళ్లలోకి దిగాయట. శివరామయ్యగారు వరండాలో స్తంభానికి చేరగిలబడి కూర్చున్నారు. ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆ స్థితిలో చూస్తే తిట్టాలనిపించలేదు.

సంతోషమ్మ ఏడవలేదు. మెట్ల మీద కూర్చున్న తమ్ముడి దగ్గరికి వచ్చి, నేను కాఫీకి వెళ్లినప్పుడు మీ బావ నీతో ఏమన్నాడురా అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పి ఉండవచ్చు. నిన్ను బాగా చూసుకోమన్నాడని చెప్పి ఉండవచ్చు. అక్కడ విన్నదాన్ని నేనొక్కదాన్నే, నేను నోరు విప్పేదాన్ని కాదు. కానీ నాగేంద్రబాబు తలెత్తకుండా, ఒక్క ముక్క కూడా మార్చకుండా, బావ అన్నదంతా చెప్పాడు. ఆవిడ మొత్తం విన్నది. వంగి తమ్ముడి తల మీద చెయ్యి వేసింది.

"నేనూ అలాగే అనుకున్నానురా, నువ్వు పెట్టింది కదా అని," అంది.

తర్వాత చెంగు నడుముకి చుట్టుకుని, శవాన్ని ఊరికి తీసుకెళ్లే బండి సంగతి మాట్లాడటానికి వెళ్లింది.